కార్క్ తప్పించిన దారి

బెంటన్‌విల్, అర్కాన్సా
జనవరి 11

పద్మజక్కకు, ప్రభువు నామంలో వందనాలు.

అక్కా, ఒక్క ప్రశ్న సూటిగా అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. సముద్రాన్ని దేవుడు మన బాపట్ల పక్కనే పెట్టాడు గదా, నీ జెర్సీ సిటీ దాటితే అట్లాంటిక్కూ ఉంది గదా, మరి ఆ నీళ్ళనే అవతలి ఒడ్డున నిలబడి చూడటానికి ఐర్లండ్ దాకా పోవాలన్న కోరిక నీకెక్కడ పుట్టింది?

ముప్పై ఏళ్ళు రైలెక్కి ఆస్పత్రికి, రైలెక్కి ఇంటికి తిరిగిన నర్సువి. అరవై ఏడు వచ్చినా స్టీరింగ్ పట్టుకోలేదు. ఇప్పుడు "సెప్టెంబరులో పది రోజులు, అద్దె కారు, నువ్వు నడుపు, నేను కిటికీలోంచి చూస్తాను" అని రాస్తే నేనేమనుకోవాలి? సరే, కాదనను. నా భార్య వసంత పోయినప్పుడు మా ఇంటికొచ్చి మూడు నెలలుండి పొయ్యి వెలిగించినదానివి. నీకు కాదని చెప్పే నోరు నాకు లేదు. గ్రీన్‌కార్డు వచ్చింది గనక బయటికెళ్తే తిరిగి రానిస్తారో లేదోనన్న పాత భయం కూడా లేదు. సంఘంలో నా బదులు రెండు ఆదివారాలు వాక్యం చెప్పడానికి వీరభద్రరావు గారు ఒప్పుకున్నారు. ఆయనా నాలాగే సెమినరీ మెట్టు ఎక్కని మనిషి. కాకపోతే నాకంటే చిన్నగా మాట్లాడతారు. సంఘానికి చెవులు కొంచెం విశ్రాంతి పొందుతాయి.

దారి నేనే వేశాను. డబ్లిన్‌లో దిగుతాం. అక్కణ్ణించి పైకి, బెల్‌ఫాస్ట్ మీదుగా జెయింట్స్ కాజ్‌వే. అక్కడ సముద్రపు అంచున వేలకొద్దీ రాతిస్తంభాలు తేనెపట్టు గదుల్లా అమర్చి ఉంటాయట. మనిషి చెయ్యి పడలేదు. దాని మీద నాలుగు ప్రసంగాలు చెప్పొచ్చు. తరవాత డానిగాల్, స్లైగో, గాల్వే, మోహర్ కొండచరియలు. అక్కడ ఆపేసి అడ్డంగా డబ్లిన్‌కి వచ్చేద్దాం. ఇంకా కిందికి వెళ్ళక్కర్లేదు. రోడ్లు మరీ ఇరుకట, రెండు వైపులా పొదలు అద్దాలకి గీసుకుంటాయట. అంతగా చూడాల్సింది కూడా ఏమీ లేదని చదివాను.

ఫోన్ చేయకు. ఫోన్లో నేను ప్రసంగం మొదలుపెడతాను, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే ఇద్దరం చివరిదాకా వినక తప్పదు.

నీ తమ్ముడు
దివాకర్


జెర్సీ సిటీ, న్యూజెర్సీ
జనవరి 24

ఒరేయ్ దివాకరూ,

నీ దారి చదివి, లైబ్రరీ నుంచి పెద్ద మ్యాపు తెచ్చుకుని, డైనింగ్ టేబుల్ మీద పరిచి, పెన్సిలుతో గీసుకున్నాను. గీసిన తరవాత చూస్తే కింద మూల ఎవరో కత్తెరతో కోసుకుపోయినట్టుంది. ఆ మూలలో ఏ ఊరుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కార్క్ అన్న మాట రాయకుండా రెండు పేజీల ఐర్లండ్ రాశావంటే నీకు నిజంగా వాక్చాతుర్యం ఉందిరా.

ముందు నీ ఉత్తరపు దారి సంగతి. బెల్‌ఫాస్టూ నీ తేనెపట్టు రాళ్ళూ వేరే దేశంలో ఉన్నాయి. అది బ్రిటన్ కింద లెక్క. రోడ్డు మీద గేటు ఉండదు, పోలీసు ఉండడు, బోర్డు కూడా సరిగ్గా ఉండదట. కానీ నీది ఇండియన్ పాస్‌పోర్టు. ఐర్లండ్ వీసా ఒకటి, ఆ ముక్కకి ఇంకొకటి కావాలి. గేటు లేదు గదా అని దూరిపోతే దొంగతనంగా దూరినట్టే. ప్రసంగీకుడివి, ఆ పని చెయ్యవు గదా? అందుకని పై భాగం కొట్టేశాను.

ఇక మిగిలింది పడమటి తీరం. ఆ తీరం వెంట ప్రభుత్వం వాళ్ళే ఒక దారి గుర్తించి, అలల బొమ్మతో బోర్డులు పెట్టారు. పైన డానిగాల్‌లో మొదలై కిందికి, కిందికి వచ్చి కిన్సేల్ అనే రేవు ఊళ్ళో ఆగుతుంది. అక్కణ్ణించి కార్క్ అరగంట. దారి నేను వెయ్యలేదు. వెళ్ళమన్న దిక్కు కాకుండా వేరే దిక్కుకి ఓడ టికెట్టు కొనుక్కున్న ప్రవక్త సంగతి పోయినేడు నువ్వే గంటంబావు చెప్పావు. చివరికి ఆయన్ని మింగిన చేప లోపల వాసన ఎలా ఉంటుందో కూడా వర్ణించావు. మీ సంఘం శేషమ్మ గారికి ఆ పూట అన్నం సయించలేదట.

గీతూకి ఇరవై తొమ్మిది నిండుతాయి ఈ ఏప్రిల్‌లో. నువ్వు నీ కూతుర్ని చూసి నాలుగేళ్ళయింది.

పద్మజక్క


బెంటన్‌విల్
ఫిబ్రవరి 9

అక్కకు వందనాలు.

నువ్వు పేరెత్తావు గనక నేనూ ఎత్తుతాను. గీతాంజలి వెళ్ళింది. నేను పంపలేదు. ఏడేళ్ళ పిల్లని ఈ ఊరు తీసుకొచ్చి, ఇక్కడి బడిలో చదివించి, ఇక్కడి మాటే దాని మాట అయ్యాక, ఇరవై ఒకటి నిండగానే నా గ్రీన్‌కార్డు ఫైలు లోంచి దాన్ని తీసేసింది దేవుడు కాదు, చట్టం. ఆ తరవాత చదువు వీసా, ఉద్యోగం, మూడేళ్ళు మూడు వీసా లాటరీలు. ప్రతిసారీ నేను ఉపవాసం ఉన్నాను. మోకాళ్ళు కాయలు కాశాయి. నమ్మకంతో మాట్లాడాను. నమ్మినవాడు కొండనైనా కదలమని గట్టిగా చెప్పాలని వాక్యం చెబుతుంటే నేను గొణగాలా? దాని పక్షంగా సాక్ష్యం చెప్పాను. అది దాన్ని అవమానంగా తీసుకుంది. నాలుగేళ్ళుగా ప్రతి వారం ప్రార్థన లిస్టులో దాని పేరు మొదట పెడుతున్నాను. ఇంకేం చెయ్యాలి తండ్రి?

దారి మార్చాను. డబ్లిన్ నుంచి తిన్నగా గాల్వే, మోహర్, అక్కణ్ణించి డింగిల్ ద్వీపకల్పం. అక్కడ తేనెటీగల గూళ్ళలాంటి రాతిగుడిసెలు ఉన్నాయట, పాతకాలపు సన్యాసులవి. సున్నం లేదు, బంక లేదు, రాయి మీద రాయి. వెయ్యేళ్ళ వానకి కూడా లోపల చుక్క పడలేదట. తరవాత లిమెరిక్ మీదుగా డబ్లిన్. పది రోజులకి అంతే సరిపోతుంది.

కారు ఆటోమేటిక్ అడిగాను. వాళ్ళు ఎడమవైపు నడుపుతారు, మన బాపట్లలో లాగే. మిషన్ ఆస్పత్రి జీపు నడిపిన చేతులు ఇవి, మర్చిపోలేదు. నువ్వు భయపడక్కర్లేదు.

దివాకర్


జెర్సీ సిటీ
మార్చి 2

తమ్ముడూ,

నేను కారుకి భయపడటం లేదు. నువ్వు రాసిన దాంట్లో లేనిదానికి భయపడుతున్నాను. నువ్వు వదిలేసింది నేను రాస్తాను. నాలుగేళ్ళ కిందటి ఆ రెండు ఆదివారాలూ నేను మీ సంఘంలోనే ఉన్నాను.

మొదటి ఆదివారం నాటికి మూడో లాటరీ ఫలితం రాలేదు. నువ్వు మైకు పట్టుకుని, "నా కూతురికి వీసా వచ్చేసింది, కళ్ళతో చూడకముందే కృతజ్ఞత చెల్లిస్తున్నాను" అన్నావు. ఫలితం రాకుండానే కృతజ్ఞత కూడిక పెట్టావు. నలభై మందికి బిర్యానీ. గీతూ వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "అత్తా, నాన్న ఎందుకిలా చేస్తున్నారు? రాకపోతే నేనెక్కడ దాక్కోవాలి?" అంది. నేను, "ఊరుకోవే, ఆయన విశ్వాసం ఆయనది" అన్నాను. ఆ మాట అన్నందుకు నా పాపం నాకుంది.

మంగళవారం తెలిసింది రాలేదని. తరవాతి ఆదివారం నువ్వు ఏ వాక్యం తీశావో గుర్తుందా? కొల్లసొమ్ము దొంగిలించి గుడారంలో పాతిపెట్టినవాడి గురించి. ఒక్కడి వల్ల జనమంతా ఓడిపోయిందని. తరవాత గొంతు పెంచి, "మన గుడారంలో కూడా ఎవరో అవిశ్వాసం పాతిపెట్టారు, అందుకే తలుపు మూసుకుంది" అన్నావు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరూ రెండో వరసకేసి తిరిగారు. శేషమ్మ గారు లేచొచ్చి దాని తల మీద చెయ్యి పెట్టి, "ఏముంటే అది ఒప్పుకో తల్లీ, తేలికవుతుంది" అంది. ఇరవై అయిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

అది మా ఇంటికి రెండు సూట్‌కేసులతో వచ్చింది. కార్క్‌లో మందుల కంపెనీ ఉద్యోగానికి నా డైనింగ్ టేబుల్ మీదే అప్లై చేసింది. ఇప్పుడు అదే టేబుల్ మీద మ్యాపు పరుచుకున్నాను.

నీ ప్రార్థన లిస్టులో రాసేది కూడా చెప్పనా? "గీతాంజలి, మారుమనస్సు కోసం." అది వాట్సాప్‌లో నూట ఇరవై మందికి వెళ్తుంది. ఎవరో ఒకరు దానికి ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు, "నీ కోసం ప్రార్థిస్తున్నాం సిస్టర్" అని. దివాకరూ, అది ప్రార్థన కాదురా. ప్రతి శుక్రవారం వీధిలో నిలబెట్టి చాటింపు వెయ్యడం.

వీసా ఫారం నింపావా? నాది అమెరికా పాస్‌పోర్టు, నాకు వీసా అక్కర్లేదు గానీ నీకు వారాలు పడుతుంది.

అక్క


బెంటన్‌విల్
ఏప్రిల్ 6

అక్కా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టాను. మూడుసార్లూ ప్రసంగం అయిపోయింది. చింపేశాను.

ఫారం నింపాను. ఆన్‌లైన్లో ఒక్కొక్క గడీ. పేరు, పుట్టిన ఊరు, ఉద్యోగం. ఆ తరవాత ఒక ప్రశ్న. ఐర్లండ్‌లో మీ కుటుంబసభ్యులు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, లేరు, రెండిట్లో ఒకటి నొక్కాలి. ముందు "ఉన్నారు" నొక్కాను. వెంటనే కింద ఇంకో గడి తెరుచుకుంది. పేరు, బంధుత్వం, చిరునామా. పేరు రాశాను. "కూతురు" అని రాశాను. చిరునామా దగ్గర చెయ్యి ఆగింది.

నా కూతురు ఏ వీధిలో ఉంటుందో నాకు తెలియదు అక్కా. ఇల్లో, అపార్ట్‌మెంటో తెలియదు. వాన పడితే దాని కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలియదు. నిన్ను అడగొచ్చు. అడిగితే నాకు తెలియదని నీకు తెలుస్తుంది.

వెనక్కి వెళ్ళి "లేరు" నొక్కాను. గడి మూసుకుపోయింది. ఎంత సులువుగా మూసుకుపోయిందో చెప్పలేను. ప్రింటు తీశాను. "పైన రాసినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న చోట సంతకం పెట్టాను. కవరులో పెట్టాను.

అది శుక్రవారం. ఆదివారం నేను చెప్పిన వాక్యం ఏదో ఊహించగలవా? ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి మంట దగ్గర చలి కాచుకుంటూ, "ఆయనెవరో నాకు తెలియదు" అని మూడుసార్లు బొంకిన శిష్యుడి గురించి. ముందే అనుకున్న వాక్యం, ఆ క్రమంలో వచ్చింది. నలభై నిమిషాలు ఉరిమాను. "అయ్యా, నీ స్వంతవాణ్ణి ఎరగనని ఎలా అన్నావు?" అని ఆ శిష్యుణ్ణి నిలదీశాను. నిలదీస్తూనే మైకు బల్ల మీద పెట్టి కూర్చుండిపోయాను. వీరభద్రరావు గారు బ్రదర్‌కి ఒంట్లో బాగోలేదేమోనని నీళ్ళు తెచ్చారు.

ఆ శిష్యుడికి కత్తుల భయం ఉంది అక్కా. నాకున్నదేమిటి? ఒక ఖాళీ గడి.

కవరు ఇంకా నా బల్ల మీదే ఉంది. పోస్టు చెయ్యలేదు. దాని చిరునామా నాకిస్తావా?

దివాకర్


జెర్సీ సిటీ
ఏప్రిల్ 15

దివాకరూ,

ఆ కవరు చింపెయ్. అబద్ధపు సంతకంతో దేశం దాటకు.

చిరునామా నేనివ్వను. నా దగ్గర ఉంది, కానీ అది నాది కాదు. నువ్వు రాసింది మాత్రం అక్షరం మార్చకుండా గీతూకి చదివి వినిపించాను. నన్ను తిట్టుకుంటే తిట్టుకో. "లేరు అని నొక్కారా?" అని ఒక్కటే రెండుసార్లు అడిగింది. తరవాత, "కనీసం ముందు ఉన్నారు నొక్కారు కదా అత్తా" అంది. నవ్విందో ఏడ్చిందో ఫోన్లో తెలియలేదు.

అది రాసి ఫోటో తీసి పంపిన ఉత్తరం ప్రింటు తీయించి ఇందులో పెడుతున్నాను. నిలబడి చదవకు. కూర్చుని చదువు.

అక్క


కార్క్, ఐర్లండ్
ఏప్రిల్ 11

నాన్నకి,

నా తెలుగులో మిస్టేక్స్ ఉంటే సారీ. సండే స్కూల్లో పాటల పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగే ఇది, తర్వాత ఎవరూ నేర్పలేదు.

నేను యాంగ్రీగా రాయాలని కూర్చున్నా. ఇప్పుడు ఎక్కువ యాంగ్రీ రావట్లేదు. టైర్డ్ అంతే.

ఒక విషయం మీకు తెలియదు. ఆ మూడు లాటరీలకీ అందరికంటే ఎక్కువ ప్రే చేసింది నేనే నాన్నా. కార్‌లో, వాల్‌మార్ట్ పార్కింగ్‌లో, ఆఫీస్ బాత్రూమ్‌లో. ఇల్లు అదే కదా నాకు. ఫ్రెండ్స్, అమ్మ సమాధి, అన్నీ అక్కడే. మీకంటే నాకే ఎక్కువ కావాలి ఆ వీసా. మీరు మైక్‌లో నాకు నమ్మకం లేదు అన్నారు. నన్ను అడగలేదు. ఒక్కసారి అడిగుంటే చెప్పేదాన్ని.

ఇక్కడ బాగానే ఉన్నా. వాన ఎప్పుడూ. వీకెండ్ బస్ ఎక్కి కిన్సేల్ వెళ్తా, సీ దగ్గర కూర్చుంటా. చిన్న చర్చ్ ఉంది, వెనక బెంచ్‌లో కూర్చుంటా. ఎవరూ ఏమీ అడగరు. అది నాకు ఇష్టం.

మీరు రావాలంటే రెండు పనులు చేయండి. ఫస్ట్, ఆ లిస్ట్‌లోంచి నా పేరు తీసేయండి. దేవుడికి చెప్పాలంటే మీ రూమ్‌లో చెప్పుకోండి, ఆయనకి వాట్సాప్ అక్కర్లేదు. సెకండ్, ఏ మైక్‌లో అన్నారో అదే మైక్‌లో, అదే వాళ్ళ ముందు, "నేను అన్నది తప్పు" అని మీరు చెప్పండి. రాని వాళ్ళకి రాసి పంపండి.

అది చేస్తే కిన్సేల్‌లో కాఫీకి కలుస్తా. ఇంటికి కాదు, ఇప్పుడే కాదు. హగ్ కూడా ప్రామిస్ చేయను. కానీ ఫారంలో లేరు అని మాత్రం వద్దు. నేను ఉన్నాను. అడ్రస్ వెనక పేజీలో రాశా.

గీతూ


బెంటన్‌విల్
మే 4

సంఘ సభ్యులందరికీ, ఈ వారం వచ్చినవారికీ రానివారికీ, దివాకర్ రాయునది. వందనాలు.

నిన్న మైకులో చెప్పినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను, ఎవరూ తమకు నచ్చినట్టు మార్చి చెప్పుకోకుండా ఉండటానికి.

నాలుగేళ్ళ కిందట నా కూతురు గీతాంజలికి వీసా వచ్చేసిందని, రాకముందే మీ ముందు సాక్ష్యం చెప్పాను. దాన్ని విశ్వాసం అన్నాను. అది అబద్ధం. రాకపోయేసరికి నా మాట పోయిందని సిగ్గుపడి, ఆ సిగ్గుని దాని తల మీద పెట్టాను. మన గుడారంలో పాతిపెట్టినది దాని అవిశ్వాసం కాదు, నా గర్వం. ఆరోజు మీరు రెండో వరసకేసి తిరిగారు. తిరగాల్సింది మైకు పట్టుకున్నవాడి వైపు. ప్రార్థన లిస్టులో దాని పేరు ఇక ఉండదు. ఆ పేరుతో మీరెవరూ దానికి ఏమీ పంపకండి, క్షమాపణ కూడా.

కూడిక అయ్యాక ఒక పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచి, "బ్రదర్, ఇంట్లో విషయం ఇంట్లో సర్దుకోవాలి గానీ ఇలా అందరి ముందూ అవసరమా? సంఘానికి చెడ్డపేరు రాదూ?" అన్నారు. "అన్నది అందరి ముందే కదండీ" అన్నాను. ఆయన, "మీరు మరీ తగ్గిపోతున్నారు" అన్నారు. అవునండీ. చాలాకాలానికి నా అసలు ఎత్తుకి వచ్చాను.

శేషమ్మ గారు మాత్రం కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు. "నా చెయ్యి బరువు ఆ పిల్లకి ఇంకా తెలుస్తుందేమో బాబూ" అన్నారు. ఆవిడ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

యుద్ధం గెలిస్తే నా ఇంటి గుమ్మంలోంచి మొదట వచ్చినదాన్ని అర్పిస్తానని నోటికొచ్చినట్టు మొక్కుకున్న యెఫ్తా కథ మీకు తెలుసు. తంబుర వాయించుకుంటూ వచ్చింది ఒక్కగానొక్క కూతురు. ఆ తండ్రి బట్టలు చింపుకుని ఏమన్నాడు? నువ్వు నన్ను కుంగదీశావు అన్నాడు. మాట జారింది తాను, నింద పిల్లది. ఎన్నోసార్లు ఆ అధ్యాయం చదివాను, ఎన్నడూ దాని మీద ప్రసంగం చెయ్యలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. మాట నెగ్గాలని బిడ్డని ఇచ్చుకున్నవాణ్ణి దేవుడు మెచ్చుకున్నట్టు అక్కడ ఒక్క అక్షరం లేదు.

సెప్టెంబరులో మా అక్కతో ఐర్లండ్ వెళ్తున్నాను. తీరం వెంట చివరిదాకా వెళ్తాను. ఆ చివర నా కూతురు ఒక కప్పు కాఫీ తాగేంతసేపు కూర్చుంటానంది. అంతకు మించి ఏమీ అనలేదు, నేనూ అడగను. ఏం జరుగుతుందో నాకు తెలియదు. ముందుగా సాక్ష్యం చెప్పే అలవాటు మానేశాను.

ఇప్పుడు మీ సంగతి. మీలో ఎవరెవరు ఎవరిని దూరం పెట్టారో నాకు తెలుసు. క్యారీ ఊళ్ళో ఉన్న అన్నతో మాట్లాడనివారు, పక్క వీధి స్నేహితుడికి ఎదురుపడితే తల తిప్పుకునేవారు, కోడలి ఫోను మోగితే ఎత్తనివారు. పేర్లు రాయను. పేర్లు చదివే హక్కు నేను పోగొట్టుకున్నాను. మీ పేరు మీకే తెలుసు.

"ప్రార్థించి చూస్తాం బ్రదర్" అనకండి. నాలుగేళ్ళు నేను చేసిందదే. తలుపు తట్టకుండా ఉండటానికి మోకాళ్ళూనాను. కానుక పట్టుకుని బలిపీఠం దాకా వచ్చినవాణ్ణి కూడా, ముందు వెళ్ళి నీ సహోదరుడితో సమాధానపడి రమ్మని వెనక్కి పంపిన ప్రభువు మనది. ఆయన పంపిస్తుంటే నేను మిమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి పాటలు పాడించను. అందుకని వచ్చే ఆదివారం కూడిక లేదు. హాలు తాళం తియ్యను. ఆ రోజు కోసం కూడా ఆగకండి. ఇది సోమవారం పొద్దున, మీరు ఆఫీసులో ఉంటారు, లంచ్‌కి గంట ఉంటుంది. లేవండి. బయటికి నడవండి. ఆ నంబరు నొక్కండి. ఎత్తకపోతే మెసేజ్ పెట్టండి, "తప్పు నాది" అని రెండే మాటలైనా సరే. కారులో వెళ్ళేంత దూరమైతే తాళాలు తీసుకోండి. ఈ ఉత్తరాన్ని ఇంకొకరికి ఫార్వర్డ్ చెయ్యకండి, ఇది మీకే. ఫోన్ మీ చేతిలోనే ఉంది. ఇవాళే చెయ్యండి. ఇప్పుడే.